1 మి.గ్రా. మాత్ర నీళ్ళలో 78 శాతం దగ్గరే ఆగిపోతోంది: సీసీఎస్ పట్టేస్తోందా, ఎంసీసీనా?

క్యూసీ_పరవాడ
అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు ప్రశ్న.

మందు ఒక సెకండరీ అమైన్, హైడ్రోక్లోరైడ్ లవణం. అణుభారం 300 చుట్టూ, పీకేఏ (అణువుల్లో సగం ఆవేశం మార్చుకునే పీహెచ్) 9 పైన. నీళ్ళలో బాగా కరుగుతుంది. మాత్ర బరువు 100 మి.గ్రా. అందులో మందు 1, ఎంసీసీ (మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, మాత్రకు బరువునిచ్చే పొడి, 102 గ్రేడు) 60, లాక్టోజ్ 34, సీసీఎస్ (క్రాస్‌కార్మెల్లోజ్ సోడియం, మాత్ర నీళ్ళలో విచ్చుకునేలా చేసేది) 4, మెగ్నీషియం స్టియరేట్ 1.

డిసల్యూషన్ (మాత్రలోంచి మందు ఎంత కరిగి వస్తుందో చూసే పరీక్ష) 900 మి.లీ. శుద్ధజలంలో, ప్యాడిల్ (తెడ్డు), 50 ఆర్‌పీఎం. 15 నిమిషాలకు 74 శాతం, 30కి 78, 45కి 78, 60కి 78. ఆ తర్వాత 250 ఆర్‌పీఎంతో ఇంకో పావుగంట తిప్పినా 78 దాటలేదు. మాత్ర మాత్రం రెండు నిమిషాల్లోపే విచ్చుకుంటోంది.

ఎస్సేలో (మాత్రలో మొత్తం మందు ఎంతుందో కొలిచే పరీక్ష) డైల్యూయెంట్, అంటే మందును తీసే ద్రవం, నీరు–మిథనాల్ 50:50, ఫలితం 95 శాతం. బ్లెండ్‌ను 0.1 నార్మల్ హెచ్‌సీఎల్‌తో తీశాం, 99.6 వచ్చింది. వ్యాలిడేషన్‌లో ప్లాసిబో రికవరీ (మందు లేని మాత్రపొడికి తెలిసినంత మందు కలిపి, ఎంత తిరిగి వస్తుందో చూడటం) 98.6తో పాసైంది. ప్రొడక్షన్ వాళ్ళు మెథడ్‌ని అంటున్నారు, మా వైపు నుంచి బ్లెండింగ్‌ని అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎఫ్‌ఆర్‌డీ_గాజువాక
బ్లెండింగ్ కాదండీ. బ్లెండింగ్ తేడా అయితే ఆరు వెసెల్స్ (పరీక్ష పాత్రలు) ఆరు దారులు పడతాయి. మీకు అన్నీ ఒకే చోట ఆగుతున్నాయి. విచ్చుకోవడం సమస్య అయితే 250 ఆర్‌పీఎంకి అంకె కదలాలి, అదీ లేదు. ఎంత తిప్పినా కదలకుండా నిలబడిందంటే అక్కడ సమతాస్థితి వచ్చేసింది. మందు కరిగింది, కరిగాక మళ్ళీ ఒకదానికి అంటుకుంది.

మర్రిపాలెం_ఎనలిటికల్
అంటుకుంది సరే, దేనికి? ముందు ఫిల్టర్ని పక్కకు తప్పించండి. నైలాన్ ఫిల్టర్ అయితే మైక్రోగ్రాముల మోతాదులో మందుల్ని బాగానే పట్టేయొచ్చు. మీ వెసెల్‌లో గాఢత మి.లీ.కి 1.1 మైక్రోగ్రాములే. ఇంత పలచనలో ఫిల్టరూ, గాజు సీసా గోడా కూడా లెక్కలోకి వస్తాయి. వెసెల్ నుంచి తీసిన నమూనాను సగం ఫిల్టర్ చేయండి, సగం 4000 ఆర్‌పీఎంలో 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. అదే గాఢతలో స్టాండర్డ్‌ను ఫిల్టర్ గుండా పంపి, పంపనిదానితో పోల్చండి. మొదటి 5 మి.లీ. పారబోస్తున్నారా?

క్యూసీ_పరవాడ
ఫిల్టర్ పీవీడీఎఫ్ 0.45 మైక్రాన్, మొదటి 5 మి.లీ. పారబోస్తున్నాం మేడం. మీరు చెప్పినట్టు ఇవాళ చేశాం. సెంట్రిఫ్యూజ్ చేసినది 78.3, ఫిల్టర్ చేసినది 78.0. స్టాండర్డ్ ఫిల్టర్ తర్వాత 99.8.

మర్రిపాలెం_ఎనలిటికల్
అయితే ఫిల్టర్ నిర్దోషి. మందు ఎక్సిపియెంట్ (మాత్రలో మందు కాని పదార్థం) మీదే ఉంది.

యారాడ_లైట్‌హౌస్
ఇప్పుడు లెక్క వేద్దాం. లెక్క వేస్తే సగం వాదన తీరిపోతుంది.

సీసీఎస్ అంటే అడ్డబంధాలు వేసిన సోడియం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్. యూఎస్‌పీ (అమెరికా ఔషధ ప్రమాణ గ్రంథం) ప్రకారం దాని ప్రతిస్థాపన స్థాయి, అంటే ఒక్కో గ్లూకోజ్ యూనిట్‌కు సగటున ఉండే కార్బాక్సీమిథైల్ సమూహాలు, 0.60 నుంచి 0.85. మధ్యలో 0.7 తీసుకోండి. గ్లూకోజ్ యూనిట్ బరువు 162, ఒక్కో కార్బాక్సీమిథైల్ సోడియం 80 కలుపుతుంది. 162 + 0.7 × 80 = 218. అంటే గ్రాముకు 0.7 ÷ 218, సుమారు 3.2 మిల్లీమోల్‌ల రుణావేశ స్థానాలు.

మీ మాత్రలో 4 మి.గ్రా. సీసీఎస్, అంటే 12.8 మైక్రోమోల్‌ల స్థానాలు. మందు 1 మి.గ్రా., 3.3 మైక్రోమోల్‌లు. మందు అణువు ఒక్కోదానికీ దాదాపు నాలుగేసి కుర్చీలు ఖాళీగా ఉన్నాయన్నమాట. తటస్థ నీటిలో మీ అమైన్ పూర్తిగా ధనావేశంతో ఉంటుంది, సీసీఎస్ రుణావేశంతో. సోడియం దిగిపోతుంది, మందు ఎక్కి కూర్చుంటుంది. అధిశోషణం (ఉపరితలానికి అంటుకోవడం) అని పిలుస్తున్నాం గానీ ఇందులో ఎక్కువ భాగం అయాన్ల మార్పిడే.

మందుకీ సోడియానికీ సమాన ఎంపిక ఉందనుకుని, అన్ని స్థానాలూ అందుతాయనుకుని, వేరే ఏ అయానూ లేని నీటిలో లెక్కిస్తే 79 శాతం మందు సీసీఎస్ మీదే ఉండాలి. నిజంలో అన్ని స్థానాలూ అందవు కాబట్టి మీకు 22 శాతం పోయింది. అదే నీటిని 50 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్‌గా మార్చి, 100 మి.లీ.లో లెక్కిస్తే పట్టుబడేది 0.3 శాతం. సోడియం గుంపులో మందుకు కుర్చీ దొరకదు.

చాలామంది తడబడే చోటు ఇంకొకటి ఉంది. "వాల్యూమ్ పెంచితే విడిపోతుందిగా" అంటారు. ఒంటి ఆవేశం ఉన్న మందు, లవణం లేని నీరు అయితే విడిపోదు. నీరు పెంచితే మందూ పలచబడుతుంది, పోటీపడే సోడియమూ అంతే పలచబడుతుంది. సమీకరణంలో వాల్యూమ్ రెండు వైపులా కొట్టుకుపోతుంది. రెండు ధనావేశాలున్న మందైతే ఇంకా అన్యాయం, పలచన చేసేకొద్దీ ఎక్కువ పట్టుకుంటుంది. విడిపించేది నీళ్ళు కాదు, అయాన్లు.

ఎఫ్‌ఆర్‌డీ_గాజువాక
ఇది పేపరు మీద ఒప్పించే లెక్క. వెసెల్‌లోనే కళ్ళతో చూడాలంటే ఒక పని చేయండి. 60 నిమిషాల నమూనా తీశాక, మాత్ర ముక్కలు వెసెల్‌లోనే ఉండగా, 5 గ్రాముల సోడియం క్లోరైడ్ పొడిగా వేయండి. 900 మి.లీ.లో అది 95 మిల్లీమోలార్. 50 ఆర్‌పీఎంలోనే ఇంకో 15 నిమిషాలు తిప్పి మళ్ళీ తీయండి. అంకె 100 దగ్గరకు ఎగిరితే, మందు పాడవలేదు, తక్కువ వేయలేదు, కరగకుండా మిగల్లేదు, పట్టుబడి ఉందంతే. కదలకపోతే మనం చెప్పిందంతా పక్కన పెట్టి వేరే కారణం వెతకాలి.

ఒక జాగ్రత్త: మీది హైడ్రోక్లోరైడ్ లవణం. ఎక్కువ డోసు మందుల్లో క్లోరైడ్ పోస్తే ఉమ్మడి అయాన్ వల్ల కరగడమే తగ్గవచ్చు, అప్పుడు సోడియం సల్ఫేట్ వాడండి. మీ 1 మి.గ్రా.కి ఆ భయం లేదు.

ఏయూ_ఎంఫార్మ్
నాకొక సందేహం సార్. అందరూ సీసీఎస్‌నే అంటున్నారు. మాత్రలో ఎంసీసీ 60 మి.గ్రా. ఉంది, పదిహేను రెట్లు. అదీ సెల్యులోజే కదా, దాని వాటా లేదా?

యారాడ_లైట్‌హౌస్
మంచి ప్రశ్న, దాన్ని వదిలేయకూడదు. ఎంసీసీలో కార్బాక్సిల్ సమూహాలు మనం పెట్టినవి కావు. కలప గుజ్జును ఉడికించి, బ్లీచ్ చేసి, ఆమ్లంతో కోసేటప్పుడు కొద్దిగా మిగిలేవి. సీసీఎస్‌ను మిల్లీమోల్‌ల్లో లెక్కిస్తే దీన్ని మైక్రోమోల్‌ల్లో లెక్కించాలి. పైగా అది గుజ్జు ఎక్కడిది, బ్లీచింగ్ ఎలా జరిగింది అనేదాన్ని బట్టి మారుతుంది. అందుకే సరఫరాదారు మారినప్పుడు కొన్ని చాలా తక్కువ డోసు మందుల్లో అంకె ఒకటి రెండు శాతం జరిగిపోతుంది.

ఉపరితలం సంగతి ఇంకా ఆసక్తికరం. నైట్రోజన్‌తో కొలిస్తే ఎంసీసీ ఉపరితలం గ్రాముకు ఒక చదరపు మీటరు చుట్టూ ఉంటుంది. నీటి ఆవిరితో కొలిస్తే వంద దాటుతుంది. నీరు పీచుల మధ్యకి దూరి దారి తెరుస్తుంది, నీటితోపాటు చిన్న అణువులూ లోపలికి పోతాయి. కాబట్టి పొడి అంకె చూసి "ఉపరితలం తక్కువ, పట్టుకోదు" అనకండి. డోసు 1 మి.గ్రా. దాకా సీసీఎస్ పెద్ద దొంగ, ఎంసీసీ చిన్న దొంగ. 50 మైక్రోగ్రాముల డోసులకు దిగితే ఎంసీసీనీ విడిగా కొలవాల్సిందే.

ఏయూ_ఎంఫార్మ్
సీసీఎస్ గుర్తింపు పరీక్ష మా ప్రాక్టికల్స్‌లో ఉంది. ఈ చర్చ చదివాక అది ఇదేనని అర్థమైంది. పది లక్షల భాగాల్లో 4 భాగాల మిథిలీన్ బ్లూ ద్రావణం 100 మి.లీ.లో 1 గ్రాము సీసీఎస్ వేసి కలిపి వదిలేస్తాం. కలుపుతున్నప్పుడు బీకరంతా ఒకే లేత నీలం. కాసేపటికి పీచులు కిందికి దిగుతూ రంగును వెంట తీసుకుపోతాయి. అడుగున ముదురు నీలం దూదిలా పరుచుకుంటుంది, పైనీళ్ళు తేలిపోతాయి. మిథిలీన్ బ్లూ కూడా ధనావేశం ఉన్న అణువే కదా!

యారాడ_లైట్‌హౌస్
అదేనమ్మా. ఫార్మకోపియాలో గుర్తింపు పరీక్షగా రాసి ఉన్నదే మన డిసల్యూషన్ వెసెల్‌లో కనపడకుండా జరుగుతోంది, మందుకి రంగు లేదు కాబట్టి కనిపించదు. ఆ బీకర్లో 10 మి.లీ. 1 నార్మల్ హెచ్‌సీఎల్ పోసి కలపండి, నీలం చాలావరకు తిరిగి పైనీళ్ళలోకి వస్తుంది. కార్బాక్సిల్ ఆమ్లరూపంలోకి మారి ఆవేశం పోగొట్టుకుంటుంది, పట్టు వదులుతుంది. సెల్యులోజ్‌లో కార్బాక్సిల్ ఎంతుందో కొలవడానికి కూడా ఇదే రంగు వాడతారు.

క్యూసీ_పరవాడ
ఉప్పు పరీక్ష చేశాం సార్. మూడు వెసెల్స్‌లో: 60 నిమిషాలకు 78, 77, 78. ఉప్పు వేశాక 15 నిమిషాలకు 99, 98, 99. ప్లాసిబో మాత్రతో ఉప్పు వేసి చూశాం, హెచ్‌పీఎల్‌సీలో (ద్రవ క్రొమటోగ్రఫీలో) మందుకు అడ్డొచ్చే పీకు లేదు.

ఇప్పుడు నాకు అర్థం కానిది ఒకటే. ఎస్సేలో 5 శాతం పోతుంటే వ్యాలిడేషన్‌లో రికవరీ 98.6 ఎలా వచ్చింది?

మర్రిపాలెం_ఎనలిటికల్
రికవరీలో ప్లాసిబో ఎంత తూచారు, స్టాండర్డ్ ఎంత, ఫ్లాస్క్ ఎంత? ఎస్సేలో పొడి ఎంత తూస్తారు?

క్యూసీ_పరవాడ
ఎస్సేకి పది మాత్రల పొడి, 1000 మి.గ్రా., 100 మి.లీ. ఫ్లాస్క్. రికవరీకి స్టాండర్డ్ 10 మి.గ్రా., ప్లాసిబో 99 మి.గ్రా., అదే ఫ్లాస్క్.

మర్రిపాలెం_ఎనలిటికల్
దొరికింది. మందు పది మాత్రలది వేసి, ప్లాసిబో ఒక్క మాత్రది వేశారు. 990 మి.గ్రా. ఉండాల్సిన చోట 99. అసలు నమూనాలో 40 మి.గ్రా. సీసీఎస్ ఉంటే మీ రికవరీ ఫ్లాస్క్‌లో 4 మాత్రమే. పట్టుకునేదాన్ని పదో వంతుకు తగ్గించి "పట్టుకోవట్లేదు" అని రాసుకున్నారు. ఈ పొరపాటు వ్యాలిడేషన్ రిపోర్టుల్లో చాలా చోట్ల ఉంటుంది, అంకె 98 నుంచి 102 మధ్య ఉంటే ఎవరూ తూకం కాలమ్ చూడరు.

మళ్ళీ చేయండి. ప్లాసిబో 990 మి.గ్రా. స్థిరంగా ఉంచి, స్టాండర్డ్ 5, 10, 15 మి.గ్రా. చొప్పున వేయండి. స్థానాలు నిండిపోతున్న పరిస్థితి అయితే 50 శాతం మట్టంలో రికవరీ తక్కువగా, 150లో ఎక్కువగా వస్తుంది. మూడింట్లో ఒకే శాతం పోతుంటే స్థానాలు ఇంకా బోలెడు ఖాళీ ఉన్నాయని అర్థం. స్పైక్ చేసే స్టాండర్డ్ ద్రావణాన్ని ఆమ్లంలో చేయకండి. ఆమ్లం వెంట వెళ్ళి అధిశోషణాన్ని దాచేస్తుంది.

మిథనాల్ సగం ఉన్నప్పుడు నష్టం 5కి తగ్గడానికి కారణం కూడా ఇక్కడే: మిథనాల్‌లో సీసీఎస్ అంతగా ఉబ్బదు, లోపలి స్థానాలు మూసుకునే ఉంటాయి.

ఎఫ్‌ఆర్‌డీ_గాజువాక
ఎక్సిపియెంట్ ఒక్కోదాని వాటా విడదీయాలంటే ఐసోథర్మ్ (స్థిర ఉష్ణోగ్రతలో గాఢతను బట్టి ఎంత పట్టుబడుతుందో చూపే గీత) చేయండి. మేడం, మీ పద్ధతి ఒకసారి రాస్తారా?

మర్రిపాలెం_ఎనలిటికల్
50 మి.లీ. పాలీప్రొపిలీన్ ట్యూబుల్లో చేస్తాం. అమైన్‌లు గాజు మీద కూడా కూర్చుంటాయి, అందుకే ప్లాస్టిక్. మందు ద్రావణాలు మి.లీ.కి 5, 10, 25, 50, 100, 200 మైక్రోగ్రాములు, ఒక్కోటి 25 మి.లీ. ఎంసీసీకి ట్యూబుకి 500 మి.గ్రా. సీసీఎస్‌కి 25 నుంచి 50 మి.గ్రా. మించొద్దు. యూఎస్‌పీ పరీక్షలో 1.5 గ్రాముల సీసీఎస్ దిగి నిలిచే ఘనపరిమాణం 10 నుంచి 30 మి.లీ. ఉంటుంది. ట్యూబులో 500 మి.గ్రా. వేస్తే ద్రావణంలో మంచి భాగం జెల్ లోపలికే పోతుంది, లెక్క తప్పుతుంది. రుణావేశం ఉన్న మందులతో ఇది తిరగబడి కనిపిస్తుంది: జెల్ వాటిని లోపలికి రానివ్వదు, నీటిని మాత్రం తాగుతుంది, బయట గాఢత పెరిగి రికవరీ 101, 102 చూపిస్తుంది.

25 డిగ్రీల్లో, ఇంకో సెట్ 37లో, షేకర్ మీద 24 గంటలు. సీసీఎస్ నిమిషాల్లోనే పట్టేస్తుంది గానీ ఎంసీసీకి సమయం ఇవ్వాలి. 1, 4, 24 గంటలకు చూసి చివరి రెండూ కలిస్తేనే సమతాస్థితి అనుకోండి. సెంట్రిఫ్యూజ్ చేసి పైద్రావణం హెచ్‌పీఎల్‌సీకి. రెండు కంట్రోల్స్ తప్పనిసరి: ఎక్సిపియెంట్ లేకుండా మందు, మందు లేకుండా ఎక్సిపియెంట్. చివర్లో పీహెచ్ రాసుకోండి, మొదట్లోది సరిపోదు.

మన ఊరి గాలికి ఒక మాట. ఎంసీసీ డబ్బా మూత తీసి బల్లమీద వదిలేస్తే సముద్రపు తేమ లాగి 5 శాతం నుంచి 7 దాటిపోతుంది. తూచేరోజే తేమ కొలిచి, పొడిబరువు మీద లెక్క వేయండి. లేకపోతే వర్షాకాలపు ఐసోథర్మ్‌కీ వేసవి ఐసోథర్మ్‌కీ పొంతన ఉండదు.

లాంగ్‌మ్యూర్ సమీకరణానికి (స్థానాలు ఒకే పొరగా నిండుతాయనే నమూనా) గాఢతను పట్టుబడిన పరిమాణంతో భాగించి, గాఢతకు ఎదురుగా గీయండి. వాలు తలకిందులు చేస్తే గరిష్ఠ సామర్థ్యం వస్తుంది. అది గ్రాముకు 3.2 మిల్లీమోల్‌ల కంటే బాగా ఎక్కువ వస్తే అయాన్ల మార్పిడి ఒక్కటే కాదు, మందు దొంతర్లుగా కూర్చుంటోంది, లేదా అవక్షేపం అవుతోంది.

ఏయూ_ఎంఫార్మ్
రోగికి నష్టం లేదా సార్? 22 శాతం మందు పీచు మీదే ఉండి బయటికి పోతే?

యారాడ_లైట్‌హౌస్
కడుపు శుద్ధజలపు సీసా కాదు. జఠర ఆమ్లంలో సీసీఎస్ ఆవేశం పోతుంది, కార్బాక్సిల్ పీకేఏ 4 చుట్టూ ఉంటుంది. ఆమ్లం తగ్గించే మందులు వాడేవారి సంగతి అడుగుతారు. అప్పుడు కూడా చిన్నపేగు ద్రవంలో సోడియం వంద మిల్లీమోలార్ పైమాటే, మీ వెసెల్‌లో ఉప్పు చేసిన పనే అక్కడ జరుగుతుంది. పైగా మందు రక్తంలోకి పోయేకొద్దీ మిగిలినదీ విడిపోతూ ఉంటుంది. ఈ తరహా పట్టు తిప్పుకోదగ్గది.

డోసు పెద్దదైతే ఈ చర్చే అక్కర్లేదు. 500 మి.గ్రా. మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్ అంటే 3 మిల్లీమోల్‌లు. 20 మి.గ్రా. సీసీఎస్ స్థానాలన్నీ నిండినా పోయేది 2 శాతం.

క్యూసీ_పరవాడ
ఇంకో చిక్కు. ఇదే బ్యాచ్ ఇంకో ల్యాబులో నీళ్ళలోనే 86 వచ్చింది. మాది 78. పరికరాల క్యాలిబ్రేషన్ రెండు చోట్లా సరిగానే ఉంది.

యారాడ_లైట్‌హౌస్
రెండు ల్యాబుల నీటి కండక్టివిటీ అడగండి. శుద్ధజలానికి యూఎస్‌పీ మొదటి దశ పరీక్షలో 25 డిగ్రీల్లో సెం.మీ.కి 1.3 మైక్రోసీమెన్స్ దాకా ఒప్పుకుంటారు. ఒక మైక్రోసీమెన్ అంటే, సోడియం క్లోరైడ్ లెక్కన, 8 మైక్రోమోలార్. మీ 4 మి.గ్రా. సీసీఎస్ సోడియం మొత్తం వదిలినా 900 మి.లీ.లో 14 మైక్రోమోలారే. అంటే నీటిలో మిగిలిన ఆ కాస్త లవణం కూడా పోటీలో పెద్ద పాత్రే వహిస్తుంది. నేను పైన వేసిన ఆదర్శ లెక్కలో 79 శాతం పట్టు, ఒక మైక్రోసీమెన్ లవణంతో 55కి పడిపోతుంది. రెండు నీళ్ళూ ప్రమాణానికి లోబడినవే, రెండు ఫలితాలూ నిజమే. 1997 డిసల్యూషన్ మార్గదర్శకంలో ఎఫ్‌డీఏ (అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ) నీటిని మీడియంగా వద్దన్నది ఊరికే కాదు, నీటి గుణం ఊరూరికీ మారుతుందనే.

ఎఫ్‌ఆర్‌డీ_గాజువాక
ఫార్ములా మార్చేద్దాం అని ఎవరైనా అంటే రెండు మాటలు. క్రాస్‌పోవిడోన్‌కి ఆవేశం లేదు కాబట్టి అమైన్‌ని ఇలా పట్టుకోదు, కానీ దాంట్లో పెరాక్సైడ్‌లు ఉంటాయి, సెకండరీ అమైన్ ఆక్సీకరణ చూసుకోవాలి. సోడియం స్టార్చ్ గ్లైకోలేట్‌లోనూ కార్బాక్సిలేటే ఉంది, పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. తక్కువ ప్రతిస్థాపన ఉన్న హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ ఆవేశం లేనిది, ఎంచదగ్గది. సీసీఎస్‌ను గ్రాన్యూల్ బయట కలిపితే సరిపోతుందని అనేవాళ్ళూ ఉంటారు. వెసెల్‌లో అన్నీ విచ్చుకుని ఒకే నీళ్ళలో కలుస్తాయి, లోపలున్నా బయటున్నా సమతాస్థితి ఒకటే. అయినా రోగి దగ్గర లేని సమస్య కోసం ఫార్ములా కదపడం నాకు సమ్మతం కాదు. మెథడ్ సరిదిద్దండి.

ఇంకొక దాంతో కలిపేసుకోకండి. 40 డిగ్రీలు, 75 శాతం తేమలో మూడు నెలలకు డిసల్యూషన్ పడిపోతే అది అధిశోషణం కాకపోవచ్చు. సీసీఎస్, స్టియరేట్ రెండూ హైడ్రోక్లోరైడ్ లవణాన్ని తేమలో స్వేచ్ఛా క్షారంగా మార్చగలవు. అధిశోషణం మొదటి రోజే పూర్తిగా కనిపిస్తుంది, లవణం విడిపోవడం నెలనెలా పెరుగుతుంది. ఆమ్లంతో తీస్తే రెండింట్లోనూ 100 వస్తుంది, కాబట్టి ఆ పరీక్షతో తేల్చలేరు. మాత్ర మీద రామన్ వర్ణపటం గానీ ఎక్స్‌రే వివర్తనం గానీ చూడాలి. అయితే 1 శాతం మందుకి ఎక్స్‌రే అందదు, రామన్ మేలు.

కుర్మన్నపాలెం_క్యూఏ
కాగితం సంగతి. 78 వచ్చిన ఫలితాన్ని కొత్త డైల్యూయెంట్‌తో మళ్ళీ చేసి 99 రాసుకుని మూసేయకండి. పరీక్షించే ఊహను ముందు రాసి, ప్లాన్ ఆమోదించుకుని, ఆ తర్వాతే ఉప్పు పరీక్ష రికార్డు చేయాలి. ఇప్పటికే చేసినవి ఉంటే తేదీలతో సహా ఉన్నవి ఉన్నట్టు జతచేయండి. మెథడ్ లోపం నిరూపణ అయ్యేదాకా మొదటి ఫలితం నిలిచే ఉంటుంది. ఆ రికవరీ తూకం తప్పు ఒక్క ప్రొడక్టుకే పరిమితమా అని అదే టెంప్లేట్ వాడిన మిగతా మెథడ్‌లన్నీ తెరిచి చూడండి. నాకు 78 కన్నా అదే ఎక్కువ కలవరం.

క్యూసీ_పరవాడ
ప్లాన్ రాయడం మొదలుపెట్టాం సార్. డిసల్యూషన్ 0.01 నార్మల్ హెచ్‌సీఎల్‌కి మార్చాలని ప్రతిపాదన. ఎస్సేకి 0.001 నార్మల్ చాలా? కాలమ్‌కి మంచిదని అడుగుతున్నా.

మర్రిపాలెం_ఎనలిటికల్
చాలదు. మీ ఎస్సే ఫ్లాస్క్‌లో 40 మి.గ్రా. సీసీఎస్, అంటే 128 మైక్రోమోల్‌ల కార్బాక్సిలేట్. 100 మి.లీ. 0.001 నార్మల్‌లో ఆమ్లం మొత్తం 100 మైక్రోమోల్‌లే. సీసీఎస్ దాన్నంతా తాగేసి పీహెచ్‌ని పైకి లేపుతుంది, పట్టు మిగిలే ఉంటుంది. 0.01 నార్మల్‌లో 1000 మైక్రోమోల్‌లు ఉంటాయి, అది సరిపోతుంది. సోనికేషన్ తర్వాత ఫ్లాస్క్ పీహెచ్ కొలిచి 2.5 లోపే ఉందని రాసుకోండి.

సోడియం క్లోరైడ్‌ని ఎస్సే డైల్యూయెంట్‌లో పెట్టకండి. రోజూ ఇంజెక్ట్ చేస్తే క్లోరైడ్ స్టీలుకి మంచిది కాదు. ఆమ్లం వద్దనుకునే మందైతే 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్, మాస్ డిటెక్టర్ అయితే అమోనియం ఫార్మేట్. ఆమ్లపు నమూనా మొదటి పీకును చీలుస్తుంటే ఇంజెక్షన్ 20 మైక్రోలీటర్ల నుంచి 5కి తగ్గించి చూడండి, కాలమ్ మార్చేముందు.